తోడు టిక్కెట్టు

మా బావ ఒంటరిగా సినిమాకి వెళ్ళలేడు.

ఈ మాట మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. పిచ్చికుక్కని గొడుగుతో తరిమిన చరిత్ర ఉంది ఆయనకి. మా అక్కతో ముప్ఫై ఏళ్ళు వాదించి బతికి బట్టకట్టిన అనుభవం ఉంది. కానీ హాల్లో పక్క సీటు ఖాళీగా ఉంటుందంటే చాలు, ఆ మనిషికి కాళ్ళాడేవి కావు. "ఒంటరిగా వెళ్ళలేనయ్యా, కాస్త తోడు రా" అంటూ దొరికినవాణ్ణి దొరికినట్టు పట్టుకుపోయేవాడు. అలా దొరికిపోయినవాళ్ళు మా ఊళ్ళో వంద మందికి తక్కువ ఉండరు.

బావది కళ్ళజోళ్ళ దుకాణం. ముందు గదిలో ఆయన సైటు చూసేవాడు. వెనక గదిలో నేను మిషను మీద అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాణ్ణి. మధ్యలో ఒక గాజు తలుపు. ఆ తలుపులోంచి పందొమ్మిదేళ్ళు ఆయన్ని చూశాను కాబట్టి, ఆయన గురించి నాకు తెలియంది లేదనుకునేవాణ్ణి.

అసలు బావకి సైటే లేదు. గద్ద కళ్ళు. వీధి చివర బస్సు నంబరు మాకు బస్సు కనపడకముందే చెప్పేవాడు. అయినా మామూలు గాజు బిగించిన కళ్ళజోడొకటి పెట్టుకుని కూర్చునేవాడు. ఎందుకు బావా అంటే, "కళ్ళజోడు లేనివాడు కళ్ళజోళ్ళమ్మితే, బట్టతలవాడు దువ్వెనలమ్మినట్టుంటుందిరా" అనేవాడు.

ఆయన మనుషుల్ని పట్టే పద్ధతి చూడాలి. ఒకరోజు మధ్యాహ్నం బ్యాంకు మేనేజరుగారొచ్చారు. మెడలో టై, చేతిలో ఫోను, మొహంలో తొందర.

"అంతా మసకమసగ్గా కనపడుతోందండీ. నంబరు మారినట్టుంది. తొందరగా చూడండి, భోజనం మానేసి వచ్చాను."

బావ ఆయన ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టి, పెట్టెలోంచి ఒక్కో అద్దం తీసి వేస్తూ, "ఇది బాగుందా? ఇదా?" అని అడిగాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయండీ."

"ఇది?"

"ఇదీ అంతే."

బావ చిన్న టార్చిలైటు వేసి ఆయన రెండు కళ్ళలోకీ చాలాసేపు చూశాడు. అద్దాల పెట్టె టక్కున మూసేశాడు.

"మీ సైటేం మారలేదు. మ్యాట్నీకి వస్తారా?"

"ఏమిటీ?"

"మ్యాట్నీ. రెండు టిక్కెట్లున్నాయి. నేను ఒంటరిగా వెళ్ళలేను."

"బ్యాంకులో జనం లైను కట్టి ఉన్నారండీ!"

"జనం రేపూ ఉంటారు. సినిమా ఇవాళ్టితో ఆఖరు."

మేనేజరుగారు కాపాడమన్నట్టు గాజు తలుపులోంచి నావైపు చూశారు. నేను అద్దం అరగదీసుకుంటూ తల దించుకున్నాను. మనం అప్పుడే తల ఎత్తితే మనల్నే పట్టుకుపోయే ప్రమాదం ఉంది. పది నిమిషాల తరవాత టైతో సహా ఆయన వీధి చివర థియేటరు వైపు నడుస్తున్నారు. పక్కన బావ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు, వదిలితే పారిపోతారేమోనన్నట్టు.

కళ్ళజోడు కాడ విరిగిందని వచ్చిన బస్సు డ్రైవర్ని యూనిఫాంతోనే తీసుకెళ్ళాడు. ఇంటర్వెల్లో ఒక ముసలాయన ఆ డ్రైవరు దగ్గరికొచ్చి, "ఎన్నింటికి బయల్దేరుతుంది బాబూ?" అని అడిగాడట. పన్ను పీకించుకోడానికి వెళ్ళినప్పుడైతే మరీ ఘోరం. ఇంజెక్షన్‌కి నోరు మొద్దుబారి ఉంది. ఆ నోటితోనే పళ్ళ డాక్టర్ని, "ఇనిమాకి ఒత్తారా, ఒంతరిగా ఎళ్ళలేను" అన్నాడట. పన్ను పీకడం వాయిదా పడింది. బుగ్గల్లో దూది కుక్కుకున్న పేషెంట్లు ముగ్గురు సాయంత్రం దాకా బెంచీ మీద అలాగే కూర్చున్నారు.

చిన్నప్పుడు తనని బెంచీ ఎక్కించిన లెక్కల టీచరమ్మని కూడా వదల్లేదు. ఆవిడ రిటైరైన వారానికి, చదువుతుంటే అక్షరాలు అలికినట్టున్నాయంటూ దుకాణానికొచ్చింది.

"టీచర్, సినిమాకి రండి."

"నీకు పదమూడో ఎక్కం వచ్చిందా?"

"రాలేదు టీచర్. దారిలో అప్పజెప్తాను."

పదమూడు ఆర్ల దగ్గర తడబడ్డాడట. గేటు దగ్గర నిలబెట్టి మళ్ళీ చెప్పించి, అప్పుడు లోపలికి వచ్చిందట ఆవిడ.

ఇంత గొడవపడి మనుషుల్ని పోగేసుకుని వెళ్తాడు కదా, పోనీ సినిమా చూస్తాడా అంటే అదీ లేదు. నిద్రపోతాడు! పేర్లు పడుతుండగానే తల పక్కకి వాలుతుంది. ఆ పక్క భుజం ఎవరిదైతే వాళ్ళ అదృష్టం. గురక కూడా పెట్టడు, సన్నగా ఈల వేసినట్టు ఊపిరి. ఇంటర్వెల్ బెల్లుకి ఠక్కున లేచి, పాప్‌కార్న్ కొనిపెట్టి, "హీరో బతికే ఉన్నాడా?" అని అడిగి, లైట్లారగానే మళ్ళీ ఆ భుజం మీదే వాలేవాడు.

మర్నాడు నాకు ఫిర్యాదులు. "ఏమయ్యా, మీ బావ రెండున్నర గంటలు నన్ను తలగడ చేసుకున్నాడు. చొక్కా చూడు, ఎలా నలిగిందో!" అలా తిట్టిపోసినవాళ్ళే మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్ళేవాళ్ళు. అదేమిటో నాకర్థమయ్యేది కాదు. అర్థం చేసుకుందామని ప్రయత్నించిందీ లేదు.

"నువ్వైనా తోడు వెళ్ళొచ్చు కదే అక్కా, ఆయన ఊరి మీద పడి ఏడ్చే బదులు" అంటే అక్క, "నన్ను పిలిస్తే కదరా వెళ్ళడానికి" అని నవ్వి ఊరుకునేది.

ఇక నా సంగతికొస్తాను. తప్పు నాదే, కాబట్టి చుట్టూ తిప్పకుండా చెప్తాను. మా మావగారు ఆస్పత్రిలో ఉంటే, పని ఉందని చూడ్డానికి వెళ్ళలేదు. మా ఆవిడ ఒక మాటంది. నేను రెండన్నాను. ఆమె సూట్‌కేసు సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పుట్టిల్లు అంటే ఏ దేశం చివరో కాదు, ఆరు బస్సు స్టాపుల దూరం. ఆ ఆరు స్టాపులు దాటడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది.

మర్నాడే బావ గాజు తలుపు తోసుకొచ్చాడు. "ఒరేయ్, మ్యాట్నీకి రారా. ఒంటరిగా వెళ్ళలేను."

"నాకు పనుంది బావా."

రెండ్రోజులాగి మళ్ళీ. "మంచి సినిమారా."

"నువ్వు చూస్తావు గనకనా మంచో చెడ్డో తెలియడానికి! వేరేవాళ్ళని చూసుకో."

అలా పదిసార్లు పిలిచాడు. పదిసార్లూ కాదన్నాను. ఇంట్లో అన్నం వండుకోవడం చేతకాక, హోటల్లో ఒక్కణ్ణే కూర్చుని తినడం నచ్చక, చాలా రోజులు ఏదో ఒకటి నమిలి పడుకునేవాణ్ణి. ఆ వారం మిషను మీద నాలుగు అద్దాలు పగలగొట్టాను. అంతకుముందు ఏళ్ళన్నీ కలిపినా అన్ని పగల్లేదు.

పదకొండోసారి పిలిచినప్పుడు ముందు గది నిండా జనం. నా చేతిలో ఐదో అద్దం అప్పుడే పగిలింది. సరిగ్గా ఆ నిమిషంలో బావ తలుపు సందులోంచి తల పెట్టి, రెండు టిక్కెట్లూ ఆడిస్తూ, "ఒరేయ్, తోడు రారా" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. "యాభై ఏళ్ళొచ్చాయి, ఒంటరిగా ఒక సినిమా చూసిరాలేవు! చిన్నపిల్లాడివా? నిద్రపోవడానికి నీకు తలకిందకి ఒక మనిషి కావాలా? ఇక్కడ నా కొంప కూలిపోతోంది. నీకేం తెలుస్తుంది బావా, ఇంకొకళ్ళ కష్టం!" అని అరిచాను. దుకాణం దద్దరిల్లింది. అందరిముందూ అరిచాను.

బావ టిక్కెట్లు జేబులో పెట్టుకుని, ఆ ఉత్తుత్తి కళ్ళజోడు సర్దుకుని, కుర్చీలో ఉన్న మనిషివైపు తిరిగి, "కింది లైను చదవండి" అన్నాడు. ఆ మనిషి బెదిరిపోయి, అక్షరాల బోర్డు వదిలేసి పక్కనున్న క్యాలెండరు చదివాడు.

ఆ తరవాత బావ నన్ను మళ్ళీ ఎప్పుడూ సినిమాకి పిలవలేదు.

మా ఆవిడ వెళ్ళిన ఇరవై రోజులకి తనంతట తనే వచ్చింది. "మీరు రారని తెలుసు. అందుకే నేనొచ్చాను" అంది. ఆమెకి క్షమాపణ చెప్పుకున్నాను. మావగారి దగ్గరికి వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కానీ బావ దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటే ఏడేళ్ళు గడిచాయి.

బావ నాతో మామూలుగానే ఉండేవాడు. జోకులేసేవాడు. నా డబ్బాలోంచి కూర తీసుకుని, ఉప్పెక్కువైందని వంకలు పెడుతూనే ఖాళీ చేసేవాడు. కానీ నా కళ్ళముందే ఎవరెవర్నో మ్యాట్నీకి లాక్కుపోయేవాడు. నాకు మాత్రం పిలుపు లేదు. "కొత్త సినిమా బాగుందంట బావా" అని కదిపి చూశాను. "అవునటరా" అని, ఉత్తరమివ్వడానికొచ్చిన పోస్టుమాన్‌ని తీసుకుపోయాడు. ఇంకోసారి నేనే రెండు టిక్కెట్లు కొన్నాను. జేబులో పెట్టుకుని పొద్దున్నించీ గాజు తలుపు దగ్గర తచ్చాడాను. ఆయన "ఏంట్రా?" అన్నాడు. నేను "ఏం లేదు, స్క్రూడ్రైవరు" అన్నాను. ఆట మొదలయ్యే వేళ దాటిపోయింది. స్క్రూడ్రైవరు మాత్రం ఇచ్చాడు.

రెండేళ్ళ కిందట, ఒక ఉదయం, దుకాణం షట్టరు ఎత్తుతూ బావ అలాగే కూలబడిపోయాడు. ఆస్పత్రి దాకా కూడా ఉండలేదు.

ఆ ఆదివారం సాయంత్రం అక్కని పలకరించడానికి వచ్చినవాళ్ళతో ఇల్లు నిండిపోయింది. ముందుగా మేనేజరుగారు గొంతు సవరించుకున్నారు.

"పాపం, ఒంటరిగా వెళ్ళలేడని నేనే తోడు వెళ్ళేవాణ్ణి. నాలుగు సినిమాలు."

"నాలుగేనా?" అన్నారు పళ్ళ డాక్టరుగారు. "నేను ఏడు. నేను లేకపోతే ఆయనకి సినిమా యోగమే లేదు."

"మీ ఇద్దరికంటే నా మీదే ఎక్కువ పడుకున్నాడు సార్" అన్నాడు బస్సు డ్రైవరు. "ఈ భుజం ఇప్పటికీ కాస్త కిందికే ఉంటుంది, చూడండి."

ఎవరి భుజం మీద ఎన్ని గంటలు నిద్రపోయాడో లెక్క తేల్చుకోబోయారు. గొంతులు లేచాయి. టీచరమ్మ గొడుగు నేలకేసి కొట్టి, "నిశ్శబ్దం!" అంది. ముగ్గురూ నోళ్ళు మూసుకున్నారు.

ఆ నిశ్శబ్దంలో మేనేజరుగారు నెమ్మదిగా అన్నారు. "మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు మా పెద్దబ్బాయి పోయి నెల. బ్యాంకులో ఏడవలేను. ఇంట్లో మా ఆవిడ ముందు అసలే ఏడవలేను. హాల్లో చీకటి. ఈయన ఎలాగూ నిద్రపోతున్నాడు కదా అని..."

డ్రైవరు ఆయనవైపు తిరిగాడు. "మీరు కూడానా సార్? ఆ నెల నా బస్సు కింద ఒక మనిషి పడ్డాడు. తప్పు నాది కాదనే తేల్చారు. అయినా స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికేవి. ఆ రోజు సినిమా అంతా ఏడుస్తూనే ఉన్నాను. ఈయన చూడలేదు లెండి, ఒళ్ళెరగని నిద్ర."

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పళ్ళ డాక్టరుగారు, "నా సంగతెందుకులెండి" అని కిటికీవైపు తిరిగారు.

అప్పుడు టీ పళ్ళెంతో వచ్చిన మా ఆవిడ, "నాతో కూడా మూడు సినిమాలకొచ్చారు అన్నయ్యగారు" అంది.

నేను తుళ్ళిపడ్డాను. "ఎప్పుడు?"

"నేను పుట్టింట్లో ఉన్న ఇరవై రోజుల్లో. ఇంటికొచ్చి, 'ఒంటరిగా వెళ్ళలేనమ్మా' అంటే జాలేసింది. రెండు సినిమాలు నేను ఏడవడం, ఆయన నిద్రపోవడం. మూడోదానికి ఏడుపు రాలేదు. ఇంటర్వెల్లో, మీరెలా ఉన్నారని అడిగాను. 'వాడా? వారానికి నాలుగు అద్దాలు పగలగొడుతున్నాడు' అన్నారు. మర్నాడే సూట్‌కేసు సర్దుకున్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నారు. ఆడపిల్ల పక్కన నిద్రపోయానని తెలిస్తే పరువు పోతుందన్నారు."

ఇవన్నీ గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మనిషొకడున్నాడు. థియేటర్లో టిక్కెట్లిచ్చే గుమాస్తా. ఇరవై ఏళ్ళుగా ఆ కిటికీ వెనకే కూర్చుంటున్నవాడు. తల గోక్కుంటూ ముందుకొచ్చాడు.

"అందరూ ఒంటరిగా వెళ్ళలేడు, వెళ్ళలేడు అంటున్నారేంటండీ? ఆయన ప్రతి మంగళవారం ఒక్కడే వచ్చేవాడు. ఒకే ఒక్క టిక్కెట్టు, వెనక వరుసలో మూల సీటు. పక్కన ఎవర్నీ వెయ్యొద్దని బతిమాలేవాడు. కన్నార్పకుండా సినిమా మొత్తం చూసి వెళ్ళేవాడు. మళ్ళీ అదే సినిమాకి బుధవారమో గురువారమో రెండు టిక్కెట్లు."

మంగళవారం దుకాణానికి సెలవు. హోల్‌సేలువాళ్ళ దగ్గర అద్దాలు తెస్తానని బావ పొద్దున్నే బయల్దేరేవాడు. సాయంత్రం వట్టి చేతులతో వచ్చి, "సరుకు రాలేదురా" అనేవాడు. పందొమ్మిదేళ్ళు సరుకు రాకపోతే దుకాణం ఎలా నడిచిందని నేను ఒక్కసారైనా అనుకోలేదు. సరుకు ఎప్పుడూ శుక్రవారం ఆటోలోనే వచ్చేది.

అందరూ వెళ్ళాక అక్క పక్కన కూర్చున్నాను. "నీకు ఇదంతా తెలుసా?"

"తెలుసు. ఆయనకి ఒంటరిగా చూడటమే ఇష్టంరా. పక్కన మనిషుంటే బొమ్మ బుర్రకెక్కదనేవాడు."

"మరి మంగళవారం చూసిందే మళ్ళీ ఎందుకు?"

"ఎవరికే సినిమా నప్పుతుందో ముందు చూసుకోవద్దూ? కొడుకు పోయినవాణ్ణి కొడుకు పోయే సినిమాకి తీసుకెళ్తే ఎలా? సైటు చూడకుండా అద్దాలిస్తామా?"

"ఆ నిద్ర?"

"నిద్రేంటి! పక్కవాడు మేలుకుని చూస్తుంటే నువ్వేడుస్తావా? ఎవరూ లేకపోయినా ఏడుపు రాదట, చూసేవాళ్ళున్నా రాదట. మనిషి ఉండాలి, చూడకూడదు. ఆయన లెక్క అది. కళ్ళలోకి లైటేసి చూస్తే సైటు మారినవాడెవడో, నిద్రలేనివాడెవడో తెలిసిపోతుందనేవాడు."

ఏడేళ్ళుగా దాచుకున్నది అప్పుడు అడిగాను. "ఆ రోజు నేను అందరి ముందూ అన్న మాటలు నీకు చెప్పాడా?"

"చెప్పకేం. నవ్వుకుంటూ వచ్చాడు ఇంటికి. 'అరిచాడే! ఇన్నాళ్ళూ బండరాయిలా ఉన్నాడు. ఇవాళ దుకాణం కప్పెగిరిపోయేలా అరిచాడు. ఇంక ఫర్వాలేదు, నా సినిమా అక్కర్లేదు వాడికి' అన్నాడు."

"అందుకా మళ్ళీ పిలవలేదు?"

"మళ్ళీ అవసరం పడలేదు కదరా. బాగున్నవాణ్ణి తీసుకెళ్తే వాడు సినిమా చూస్తాడు, మధ్యమధ్యలో కబుర్లు చెప్తాడు. ఆయనకది విసుగు. నిన్ను చూసినప్పుడల్లా, 'వీడు నిబ్బరంగా ఉన్నాడే' అని మురిసిపోయేవాడు."

నా మీద కోపమనుకున్నాను ఆ పిలవకపోవడం. జేబులో రెండు టిక్కెట్లు పెట్టుకుని స్క్రూడ్రైవరు అడిగినవాణ్ణి. ఒక్క మాట అడిగుంటే చెప్పేవాడో లేదో గానీ, నాకు మాత్రం అడిగాననైనా ఉండేది. ఇప్పుడదీ లేదు. విసుగైతే విసుగని ఒక్క సినిమాకైనా ఆయన్ని లాక్కుపోయి ఉండాల్సింది.

అక్క నా మొహం చూసి, కాస్త తేలిక చేద్దామనుకుందో ఏమో, "నువ్వరిచిన రోజు టిక్కెట్టు పాడైపోతుందని నన్ను తీసుకెళ్ళాడు తెలుసా" అంది.

"నిన్నా? నిద్రపోయాడా?"

"ఎక్కడ! ఆయనకి కథంతా ముందే తెలుసాయె. 'ఇదిగో ఇప్పుడు తలుపు తీస్తాడు చూడు, ఇప్పుడు వీడు చస్తాడు చూడు' అని ఒకటే గోల. ముందు వరుసవాళ్ళు రెండుసార్లు తిట్టారు. చివర్లో మాత్రం, 'ఇది నేను చెప్పను, నువ్వే చూడాలి' అని ఊరించాడు. నేను 'చెప్పండి' అని, ఆయన 'చెప్పను' అని గట్టిగా వాదించుకున్నాం. గేటు మనిషొచ్చి ఇద్దర్నీ బయటికి గెంటేశాడు."

"గెంటేశాడా!"

"మెడ మీద చెయ్యొక్కటే వెయ్యలేదు. ఆ సినిమా చివర ఏమైందో నాకింతవరకూ తెలీదురా!"

అని అక్క పకపకా నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి. నాకూ ఆగలేదు. చావింట్లో ఈ నవ్వులేమిటా అని పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది. అక్క ఆవిణ్ణి కూడా లోపలికి పిలిచి, మొదటినుంచీ చెప్పడం మొదలెట్టింది.